అంకితం వెంకట నరసింగరావు : దృక్కు, యంత్రం, దోషపరీక్ష

విశాఖపట్టణంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరు వినని విద్యావంతుడు ఆంధ్రదేశంలో అరుదు. ఆ పొడి అక్షరాలు ఎవరివని అడిగినప్పుడు తడుముకొనకుండ చెప్పగలవారు అంతకంటె అరుదు. అవి అంకితం వెంకట నరసింగరావుగారివి. 1827లో జన్మించి 1892లో పరమపదించిన ఈయన ప్రభుత్వంలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసి, ఆ పదవిని వదలి, తన శేషజీవితాన్ని ఖగోళ పరిశీలనకు అంకితం చేసినారు. ఇంటిపేరును బట్టి చమత్కరించుటకు ఈ మాట వాడలేదు, విషయమే అట్టిది.

పాఠశాలలో లఘుకౌముది, తర్కసంగ్రహం, ఆ పైన సూర్యసిద్ధాంతం చదివిన నావంటివాడు విశాఖ జ్యోతిర్విదుని చరిత్రలోనికి ఎట్లు ప్రవేశించినాడో ముందుగా విన్నవించవలసి ఉన్నది. నేను ఇప్పుడు నివసించునది హైదరాబాదుకు పడమట ఉన్న తెల్లాపూరులో. ఒకనాడు పొలాలు, రాతిగుట్టలు ఉన్న ఆ ఊరు నేడు బహుళ అంతస్తుల భవనాల నడుమ ఉన్నది. గచ్చిబౌలి వైపు దీపకాంతి రాత్రి ఆకాశాన్ని బూడిదరంగుగా మార్చుచున్నది. మా మనుమడు ఒక చిన్న దూరదర్శినిని కొనితెచ్చి మిద్దెమీద నిలబెట్టినాడు. ముందు కటకం వ్యాసం 80 మిల్లీమీటర్లు, అనగా మూడంగుళాలకు కొంచెం అధికం. డెబ్బది దాటిన వయస్సులో నేను మొదటిసారి దూరదర్శినిలో కన్నుపెట్టి చూచినది దానితోనే.

నేను చూచినది సాయంసంధ్యలో శుక్రుని. బింబం చుట్టును ఊదారంగు కాంతి ఆవరించి ఉన్నది. గ్రహాల వర్ణాలను గూర్చి సంహితాగ్రంథాలలో చదివిన సంస్కారం వల్ల, అది శుక్రుని సహజవర్ణమే అయి ఉండునని తలచి సంతోషించినాను. అది శుక్రునిది కాదనీ, కటకందనీ మనుమడు మెల్లగా చెప్పినాడు. నలుబది సంవత్సరాలు శిష్యులకు భ్రమప్రకరణంలో పీతశంఖాన్ని ఉదాహరించినవాడిని నేను. పిత్తదోషం గలవానికి తెల్లని శంఖం పసుపుగా కనబడునని పాఠం చెప్పి చెప్పి, కటకదోషం వల్ల తెల్లని శుక్రుడు ఊదాగా కనబడినప్పుడు గుర్తించలేకపోయినాను. ఈ పరాభవమే నరసింగరావుగారి వద్దకు నన్ను నడిపించినది. ఒక చిన్న దూరదర్శిని చూపిన దానిలో ఆకాశానికి చెందినదెంత, గాజుకు చెందినదెంత అను వివేకం లేనిదే ఆయన చేసిన పని విలువ తెలియదు.

నరసింగరావుగారి కథ ఆయన మామగారితో ప్రారంభం కావలెను. గోడే వెంకట జగ్గారావుగారు 1817లో జన్మించిన విశాఖ జమీందారు. యౌవనంలోనే మద్రాసు వేధశాలకు పోయి, దాని అధిపతి థామస్ గ్లాన్‌విల్ టేలర్ వద్ద ఖగోళవిద్యను అభ్యసించినారు. టేలర్ సామాన్యుడు కాడు. పదకొండువేల పదిహేను నక్షత్రాల స్థానాలను నిర్ణయించి 1844లో ఒక మహాపట్టికను ప్రకటించిన పరిశ్రమజీవి. అట్టి గురువు వద్ద నేర్చిన జగ్గారావుగారు 1840లో విశాఖపట్టణంలో తమ నివాసస్థలంలోనే సొంత వేధశాలను నిర్మించినారు. వారి దూరదర్శిని వస్తుకటకం వ్యాసం 4.8 అంగుళాలు. నాటి ఐరోపా ప్రమాణాలతో చూచినను ఔత్సాహికునికి అది మంచి యంత్రమే. జయపుర రాజులు రాతితో కట్టించిన మహాయంత్రాల కాలం గడచి, గాజుతో చూచు కాలం తెలుగుదేశంలో ఆ ఇంట ప్రారంభమైనదని చెప్పవచ్చును. డాల్ఫిన్స్ నోస్ కొండమీది ధ్వజస్తంభం కూడ జగ్గారావుగారి కృషియే.

జగ్గారావుగారు 1856లో, నలుబది ఏండ్లయినను నిండకుండ, గతించినారు. వేధశాల బాధ్యత అల్లుడైన నరసింగరావుగారి మీద పడినది. వారి భార్య అచ్చయ్యమ్మగారు జగ్గారావుగారి కుమార్తె. ఆ కాలంలో స్వదేశీయునికి డిప్యూటీ కలెక్టరు పదవి సామాన్యమైనది కాదు. దానికంటె ఉన్నతమైన ఉద్యోగాలు దాదాపు అందనివి. దానిని వదలుకొని మామగారు కట్టిన శాలలో రాత్రిళ్లు మేల్కొనుట లోకం దృష్టిలో అవివేకమే అయి ఉండవలెను. ఇట్టి త్యాగాన్ని మన చరిత్రకారులు ఒక్క వాక్యంలో దాటివేయుదురు. నేను దాటజాలను. వారసత్వంగా వచ్చిన ఆస్తిని అనుభవించువారు వేలమంది ఉందురు. వారసత్వంగా వచ్చిన జిజ్ఞాసను పోషించువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు.

నరసింగరావుగారు వేధశాలను యథాతథంగా ఉంచలేదు. ఇంగ్లండులోని యార్కు నగరంలో కుక్ సంస్థ నిర్మించిన ఆరు అంగుళాల దూరదర్శినిని సమకూర్చుకొన్నారు. ఈ సంస్థను స్థాపించిన థామస్ కుక్ చరిత్ర మనవారికి నచ్చదగినది. చెప్పులు కుట్టువాని కుమారుడు, 1807లో జననం. స్వయంగా చదువుకొని బడిపంతులై, తాగు గాజుగ్లాసు అడుగును అరగదీసి తన మొదటి కటకాన్ని చేసికొన్నవాడు. 1868లో ఆయన మరణించునాటికి ఆ కర్మాగారం ఇంగ్లండులోని శ్రేష్ఠమైన వాటిలో ఒకటి. ఆ గాజును సముద్రాలు దాటించి, ఉప్పుగాలి వీచు విశాఖతీరంలో నిలబెట్టుట ఎంత వ్యయప్రయాసలతో కూడిన పనియో ఊహించుకొనవచ్చును.

ఇక ఆ గాజు మంచిదో కాదో ఎట్లు తెలియును? ఇది కేవలం యంత్రకారుని ప్రశ్న కాదు, ప్రమాణశాస్త్రపు ప్రశ్న. కావున కొంచెం నిలిచి చెప్పెదను.

నక్షత్రం ఎంత గొప్పదైనను మనకు బిందుప్రాయం. అయినను నిర్దోషమైన కటకం కూడ దానిని బిందువుగా చూపజాలదు. కాంతికి తరంగస్వభావం ఉన్నందున వివర్తనం వల్ల ఒక చిన్న వృత్తాకార బింబం, దాని చుట్టును క్షీణించుచు పోవు సన్నని వలయాలు ఏర్పడును. కాంతిలో నూటికి 84 పాళ్లు నడుమనున్న బింబంలో ఉండి, మిగిలినది వలయాలలో పంచబడును. ఇది దోషం కాదు, కాంతిస్వభావం. కటకం వ్యాసం పెరిగినకొలది ఈ బింబం చిన్నదగును. ఇంగ్లండులో మతాచార్యుడైన విలియం డాస్ అను ఔత్సాహిక పరిశీలకుడు జంటనక్షత్రాలను చూచి చూచి ఒక నియమం చెప్పినాడు. 4.56ను అంగుళాలలోని వ్యాసంతో భాగించిన లబ్ధమెంతయో, అన్ని వికలల దూరంలో ఉన్న సమకాంతి గల రెండు నక్షత్రాలను ఆ యంత్రం విడదీయగలదు. జగ్గారావుగారి యంత్రానికి ఈ సంఖ్య 0.95 వికలలు, నరసింగరావుగారి ఆరంగుళాల యంత్రానికి 0.76, మా మిద్దెమీది దానికి 1.45. ఇవి గాజు నిర్దోషమైనప్పటి అవధులు. దోషం ఉన్నచో వ్యాసమెంత ఉన్నను ప్రయోజనం లేదు.

దోషాన్ని పట్టుటకు ఔత్సాహికులు చేయు పరీక్ష అతిసరళం. మధ్యమకాంతి గల నక్షత్రాన్ని అధికప్రవర్ధనంతో చూచి, అక్షికటకాన్ని నాభికి కొంచెం లోపలికి, తరువాత కొంచెం వెలుపలికి జరుపవలెను. రెండుచోట్లను నక్షత్రం వలయసమూహంగా విప్పారును. లోపలి వలయాలు, వెలుపలి వలయాలు ఒక్కతీరుగా ఉన్నచో కటకం ఉత్తమం. ఒకవైపు వలయాలు స్ఫుటంగా ఉండి రెండవవైపు చెదరినచో గోళీయదోషం ఉన్నట్లు. వృత్తం అండాకారమై, నాభిని దాటగానే అండం దీర్ఘాక్షం అడ్డంగా తిరిగినచో అసమదృష్టి దోషం. తర్కంలో తిమిరరోగికి ఇద్దరు చంద్రులు కనబడుదురని చెప్పునది స్మరణకు రాక మానదు.

ఈ అండాకృతి కన్ను దోషమో, గాజు దోషమో నిర్ణయించు పద్ధతిని చూచి నేను ఆశ్చర్యపడినాను. పరిశీలకుడు తల తిప్పవలెను. అండం తలతో పాటు తిరిగినచో దోషం కన్నుది. తల నిలిపి అక్షికటకాన్ని తిప్పినప్పుడు తిరిగినచో దోషం దానిది. రెంటికిని తిరుగక, వస్తుకటకాన్ని తిప్పినప్పుడు మాత్రమే తిరిగినచో దోషం దానిది. ఇది అన్వయవ్యతిరేకం కాక మరేమి? మనం గ్రంథాలలో వల్లించు న్యాయాన్ని వారు మరలు తిప్పి ఆచరించినారు. గాలిచలనం వల్ల వచ్చు చెదరు క్షణక్షణం మారును. గాజు దోషం మారదు. కావున ఒక్క రాత్రి చూపుతో నిర్ణయం చేయరాదు.

వర్ణదోషం మాట మిగిలినది. ఒకే గాజుకటకం ఎర్రని కాంతిని, ఊదారంగు కాంతిని ఒకే స్థానంలో చేర్చజాలదు. రెండు జాతుల గాజులను జతపరచి ఈ దోషాన్ని తగ్గించు ఉపాయం పదునెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండులో వెలసినది. పూర్తిగా పోగొట్టుట మాత్రం సాధ్యం కాలేదు. మిగిలిన వర్ణశేషాన్ని అణచుటకు ఆనాటి శిల్పులు నాభిదూరాన్ని వ్యాసానికి సుమారు పదిహేనురెట్లు ఉంచి పొడవైన గొట్టాలను చేసినారు. నేడు సంచిలో ఇముడవలెనను కోరికతో అయిదారు రెట్లకే కుదించుచున్నారు. మా మిద్దెమీది శుక్రునికి ఊదారంగు పూసినది ఈ కుదింపే. ఆ విషయంలో నూటయేబది ఏండ్లనాటి విశాఖ యంత్రానికి నేటి మా చౌకయంత్రం సాటిరాదు. పాతది గనుక మంచిదని నేను చెప్పుట లేదు, పొడవైనది గనుక.

నరసింగరావుగారి కాలానికి వచ్చెదము. 1868 తెలుగునేలకు ఖగోళ చరిత్రలో మరువరాని సంవత్సరం. ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణచ్ఛాయ కృష్ణాతీరం మీదుగా పోయినది. ఫ్రెంచి పండితుడు జాన్సెన్ గుంటూరులో నిలిచి సూర్యజ్వాలల వర్ణపటాన్ని పరీక్షించినాడు. హీలియం అను ధాతువు ఉనికి ఆ గ్రహణ పరిశీలనల పరంపరలోనే బయటపడినది. ఆ నవంబరు 5న బుధుడు సూర్యబింబాన్ని దాటినాడు. గ్రహణానికి దేశాంతరాల నుండి దండు వచ్చినది. బుధసంక్రమణాన్ని విశాఖలో నరసింగరావుగారు తమ శాల నుండి తామే చూచినారు. అప్పుడు బుధబింబం పది వికలలు మాత్రమే. కంటికి కనబడదు. దూరదర్శినిలో సూర్యునిపై ఆవగింజవలె కదలును. ఆ గింజ అంచు స్ఫుటంగా ఉన్నదా, మసకగా ఉన్నదా అనుటలోనే యంత్రం యోగ్యత తెలిసిపోవును. తరువాత 1881లోను, 1891లోను విశాఖలో కనబడదగిన బుధసంక్రమణాలు వచ్చినవి.

1871లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. భౌగోళిక పరిశోధకుల రాయల్ సొసైటీలో కూడ సభ్యత్వం లభించినది. ఆయన పరిశీలనలు ఆ ఖగోళసంఘం మాసపత్రికలో ప్రకటితమైనవి. ఆ పత్రికలో వ్రాయువారు తమ యంత్రం వ్యాసమెంత, ప్రవర్ధనమెంత, గాలి ఎట్లున్నది అను విషయాలు తెలిపి, పిమ్మట చూచినది చెప్పుట ఆనాటి మర్యాద. మన పరిభాషలో చెప్పినచో కరణాన్ని నివేదించి, తరువాత ప్రత్యక్షాన్ని నివేదించుట. మన పంచాంగకర్తలలో ఈ మర్యాద ఎందరికి ఉన్నదో నేను అడుగను.

ఆయన జీవితంలో మహాఘట్టం 1874 డిసెంబరు 9వ తేదీ. ఆనాడు శుక్రుడు సూర్యబింబాన్ని అడ్డంగా దాటినాడు. అట్టి ఘటన అంతకుముందు జరిగినది 1769లో. భూమిమీద దూరదూర స్థలాలలో శుక్రుడు సూర్యుని అంచును లోపల తాకిన క్షణాన్ని గుర్తించి, ఆ కాలభేదం నుండి సూర్యుని దూరాన్ని గణించుట ఉద్దేశం. సూర్యుడు సుమారు పదిహేనుకోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని నేడు బాలురు కూడ చెప్పుదురు. నాడు ఆ సంఖ్యకోసం దేశదేశాల ప్రభుత్వాలు నౌకలను పంపినవి. విశాఖ నుండి సంక్రమణం ఆద్యంతం కనబడునది. స్థానికకాలం ప్రకారం ఉదయం ఏడు దాటిన తరువాత ప్రవేశం, ఇంచుమించు మధ్యాహ్నానికి నిష్క్రమణం. డాబా గార్డెన్స్‌లోని తమ వేధశాల నుండి నరసింగరావుగారు దానిని పరిశీలించి లండను సంఘానికి తెలియజేసినారు.

ఆ పరిశీలనలో కష్టమెక్కడ ఉన్నదో గమనింపవలెను. శుక్రబింబం ఒక నిమిషకలను కొంచెం మించి ఉండును. చూచుట కష్టం కాదు. రక్షణ అద్దంతో 2004లో వచ్చిన సంక్రమణాన్ని నేనును కంటితోనే చూచినాను. కష్టమంతయు స్పర్శక్షణంలో. శుక్రుడు పూర్తిగా లోపలికి వచ్చినాడనుకొను సమయాన ఆ నల్లని గుండ్రని బింబం సూర్యుని అంచును విడువక, జిగురువలె, నీటిబొట్టు కుళాయిని అంటుకొన్నట్లు, నల్లని తాడుతో వ్రేలాడుచుండును. తాడు తెగునప్పటికి స్పర్శకాలం గడచిపోయి ఉండును. 1769లో ఒకే స్థలంలో ప్రక్కప్రక్కన నిలిచిన పరిశీలకులు కూడ వేరువేరు కాలాలను వ్రాసినారు. దీనిని కృష్ణబిందువు అందుము. శుక్రుని వాయుమండలం వల్లనని కొందరు, మన గాలి వల్లనని కొందరు వాదించినారు. 1999లో భూవాతావరణానికి వెలుపలనున్న ట్రేస్ అను ఉపగ్రహం బుధసంక్రమణాన్ని చిత్రించినది. గాలి లేని బుధునికి, గాలి లేని స్థలం నుండి చూచినను, స్వల్పంగా ఆ బిందువు కనబడినది. దూరదర్శిని ప్రతి బిందువును కొంచెం పరచుట, సూర్యుని అంచు స్వభావతః మసకబారి ఉండుట, ఈ రెండును కలిసి దానిని పుట్టించునని తేలినది. కదలు గాలి దానిని పెంచును. గాజు ఎంత మంచిదో బిందువు అంత చిన్నదగును.

అనగా 1874లో సూర్యుని దూరమనెడి మహాప్రశ్నకు సమాధానం, గోరంత గాజు నునుపుమీద ఆధారపడి ఉన్నది. ప్రవేశసమయంలో విశాఖవద్ద సూర్యుడు సముద్రంపై ఎక్కువ ఎత్తునకు రాలేదు. క్షితిజ సమీపంలోని దట్టమైన గాలిలో అంచు ఉడుకునీటివలె కదలుట సహజం. నిష్క్రమణ సమయానికి సూర్యుడు ఎత్తుననున్నాడు, కాని అప్పటికి నేల వేడెక్కినది. పరిశీలకుని చేతిలో ఉన్నది ఒక్కటే: యంత్రం స్వభావాన్ని ముందుగా ఎరిగి ఉండుట. సంవత్సరాల తరబడి ఒకే యంత్రంతో నక్షత్రాలను చూచినవానికే దాని చపలత తెలియును. పదవి వదలి శాలను పట్టుకొన్న నరసింగరావుగారికి ఆ అధికారం ఉన్నది.

ఆ కాలంలోనే మద్రాసు వేధశాలలో చింతామణి రఘునాథాచార్యులవారు ఉండిరి. ఒక వికారి నక్షత్రాన్ని 1867లో కనుగొన్నవారు, దృగ్గణిత పంచాంగకర్త, శుక్రసంక్రమణాన్ని గూర్చి సామాన్యులకు తెలియునట్లు దేశభాషలలో చిన్నపుస్తకం వెలువరించినవారు. వారి కారణంగా పంచాంగ విద్వాంసులలో దృక్పక్షం, వాక్యపక్షం అను వివాదం వృద్ధిపొందినది. నా చిన్నతనంలో మా పాఠశాలలో సైతం ఆ వేడి చల్లారలేదు. గణితం దృక్కుతో ఏకీభవించవలెనని భాస్కరాదులు అంగీకరించినదే. కాని యంత్రంలో చూచినది దృక్కు అగునా అని మా గురువులు ప్రశ్నించెడివారు. ఆ ప్రశ్న వెర్రిది కాదు. సిద్ధాంతగ్రంథాలలోని నలకయంత్రం ఉత్త గొట్టం. అది చూపును నిలుపును, మార్చదు. కటకం మార్చును. మార్చు దానిని నమ్ముట ఎట్లు? మా గురువులు అక్కడ ఆగినారు. దోషాన్ని పరీక్షించి, కొలిచి, దానిని తీసివేసి మిగిలినదానిని గ్రహించు మార్గమొకటి ఉన్నదని, అది న్యాయశాస్త్రానికి విరోధం కాక అనుకూలమే అని, మిద్దెమీద ఊదారంగు శుక్రుని చూచిన తరువాత నాకు తోచినది. వారు జీవించి ఉన్నచో పోయి విన్నవించుకొందును.

హైదరాబాదులో ఇట్టి కృషి ఆలస్యంగా వచ్చినది. నవాబు జఫర్ జంగ్ 1901లో వేధశాలను స్థాపించి పదిహేను అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించినారు. అదియే నిజామియా వేధశాలగా బేగంపేటలో ప్రసిద్ధమైనది. విశాఖలో జగ్గారావుగారి శాల దానికి ఆరు దశాబ్దాలు ముందరిది.

1892లో నరసింగరావుగారు గతించినారు. అచ్చయ్యమ్మగారు తండ్రి కట్టిన, భర్త పోషించిన వేధశాలను కొలదికాలంలోనే ప్రభుత్వానికి అప్పగించినారు. వాతావరణ పరిశీలనలు దాని పనిలో భాగమైనవి. 1860లో బడిగా మొదలైన విద్యాలయానికి ఆమె విరాళమిచ్చి భర్త పేరు నిలిపినారు. మిసెస్ అను మాట ఆమెను తెలుపును. రెండు తరాల జ్యోతిర్విదులకు నడుమ కుమార్తెగా, భార్యగా నిలిచిన ఆమెను గూర్చి మన గ్రంథాలలో మాట లేదు. సూచికగా ఆ ఒక్క ఆంగ్లపదం మిగిలినది. డాబా గార్డెన్స్ నేడు రద్దీగల బజారు.

నరసింగరావుగారు గతించిన ఆ 1892లోనే తిరుచిరాపల్లి నుండి చంద్రశేఖరయ్యరు అను అధ్యాపకుడు గణిత భౌతికశాస్త్రాలు బోధించుటకు ఆ కళాశాలకు వచ్చినారు. ఆయనతో నాలుగేండ్ల కుమారుడు కూడ విశాఖకు వచ్చినాడు. ఆ బాలుడు అదే ఊర చదివి, అదే కళాశాలలో ఎఫ్.ఏ. ముగించి, పదునాలుగవ యేడు దాటిన పిమ్మట మద్రాసుకు పోయినాడు. పేరు వెంకటరామన్.